సాక్ష్యం ఊయలలో ఉన్నది

1978 సెప్టెంబరు చివరి రోజుల్లో కలకత్తా నగరం నీళ్లలో మునిగి తేలింది. కుండపోతగా కురిసిన వానకు వీథులు కాలువలయ్యాయి. బెంగాలులో జిల్లాలకు జిల్లాలు వరద పాలయ్యాయి. ఆ వరద తీసీ తీయకముందే దేవీ నవరాత్రులు వచ్చాయి. అక్టోబరు 3వ తేదీన ఆ నగరంలోని బెల్ వ్యూ క్లినిక్‌లో ఒక ఆడశిశువు కన్ను తెరిచింది. పండుగ వేళ పుట్టిన బిడ్డ గనుక ఆమెకు ‘దుర్గ’ అన్న పేరు స్థిరపడింది.

ఊయలలోని ఆ పాప అందరు పాపల వంటిదే. ఏడ్చింది, పాలు తాగింది, నిద్రపోయింది. కాని ఆమె జీవితంలోని తొలి ఘడియలు తల్లి కడుపులో గడవలేదు, గాజుపాత్రలో గడిచాయి. ఆ తరువాత 53 రోజులు ఆమె గడ్డకట్టిన చలిలో, కాలమే ఆగిపోయినట్లు నిద్రించింది. అటు పిమ్మటనే తల్లి గర్భంలోకి చేరింది.

అంతకు 70 రోజుల క్రిందట, అంటే జూలై 25న, ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణంలో లూయీ బ్రౌన్ పుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి పరీక్షనాళిక శిశువు ఆమె. లూయీని చూసి లోకమంతా చప్పట్లు కొట్టింది. దుర్గ పుట్టుకను సాధ్యం చేసిన వైద్యుణ్ణి మాత్రం మనవాళ్లు బోనెక్కించారు. ఆయన పేరు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ.

ఈనాడు ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం ఒక పాఠం. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా దానిని చదివే విద్యార్థులు ఆ నాలుగు మార్కుల వెనుక ఉన్న మనిషిని కూడా తెలుసుకోవటం మంచిది.

ప్రకృతి చేసే ఏర్పాటు

ముందుగా, గాజుపాత్ర అవసరం ఎందుకు వచ్చిందో చూద్దాం. ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాలలో లక్షలాది అండాలు సిద్ధంగా ఉంటాయి. అవి తరువాత తరుగుతాయే గాని పెరగవు. యౌవనం మొదలు ఋతుక్రమం ఆగిపోయే వరకు వాటిలో పక్వమై బయటపడేవి సుమారు 400 మాత్రమే. మెదడు అడుగున బఠానీగింజంత ఉండే పీయూష గ్రంథి ఈ వ్యవహారానికంతటికీ పెద్ద. అది పంపే ఒక హార్మోను అండపుటికను పెంచుతుంది. మరొక హార్మోను ఉప్పెనవలె ఒక్కసారి పైకి లేచి, పక్వమైన అండాన్ని విడుదల చేయిస్తుంది. వీటినే ఎఫ్.ఎస్.హెచ్. అనీ, ఎల్.హెచ్. అనీ పుస్తకాలలో రాస్తారు.

విడుదలైన అండం ఆయుష్షు ఒక్క రోజుకు మించదు. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. ఈ రెండూ కలిసే చోటు గర్భాశయం కాదు. అండాశయానికీ గర్భాశయానికీ నడుమ వంతెనలా ఉండే సన్నని అండవాహిక. అక్కడ ఫలదీకరణం జరిగి, ఒక కణం రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, ఆ పిండం మెల్లగా దొర్లుకుంటూ వచ్చి ఆరేడు రోజులకు గర్భాశయపు పొరలో నాటుకుంటుంది. అప్పటికి ఆ పొర మెత్తని దుక్కివలె సిద్ధమై ఉండాలి. విత్తనం వచ్చిన వేళకు నేల తయారు కాకపోతే పంట లేదు.

ఇక ఆ వంతెనే మూసుకుపోతే? అండం బాగున్నా, శుక్రకణం బాగున్నా, గర్భాశయం బాగున్నా బిడ్డ కలగదు. మన దేశంలో జననేంద్రియాలకు సోకే క్షయ, ప్రసవానంతరం గాని గర్భస్రావానంతరం గాని తగులుకునే ఇతర అంటురోగాలు ఎందరో స్త్రీలకు ఈ గతి పట్టించాయి. దుర్గ తల్లికి వచ్చిన కష్టమూ అండవాహికలదే. మూసుకున్న వంతెనను తప్పించి విత్తనాన్ని నేరుగా నేలకు చేర్చటమే పరీక్షనాళిక పద్ధతిలోని కీలకం.

తాళానికీ తలుపుకూ ఒకే చెవి

సంతాన నిరోధానికీ, సంతాన సాఫల్యానికీ ఆధారమైన విద్య ఒక్కటే. తాళం వేయటానికీ తీయటానికీ చెవి ఒక్కటే అయినట్లు ఇది. 1960లో అమెరికాలో అనుమతి పొందిన నోటిమాత్ర ఏం చేస్తుంది? బయటినుంచి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ల వంటి పదార్థాలను అందించి పీయూష గ్రంథిని ఊరుకోబెడుతుంది. ఎల్.హెచ్. ఉప్పెన రాదు, అండం విడుదల కాదు. సంతానం కోరే స్త్రీకి ఇచ్చే చికిత్స దీనికి తారుమారు: పీయూష గ్రంథి హార్మోన్లనే మందుగా ఇచ్చి అండాలను పక్వం చేస్తారు. ట్యూబెక్టమీలో శస్త్రవైద్యుడు అండవాహికను కావాలని కత్తిరించి ముడి వేస్తాడు. పరీక్షనాళిక పద్ధతిలో రోగం మూసిన అదే వాహికను దాటవేస్తాడు. ఒకచోట అడ్డుకట్ట, మరొకచోట అడ్డదారి.

అయితే మన దేశం ఈ తాళంచెవిని చాలాకాలం ఒక్క వైపే తిప్పింది. 1952లోనే జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965లో లూప్ వచ్చింది, 1968లో నిరోధ్ వచ్చింది. 1971లో గర్భస్రావానికి షరతులతో చట్టం అనుమతినిచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలో, 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్నో బలవంతం మీద జరిగినవే. ఎర్ర త్రికోణం లేని గోడ లేని కాలమది.

అటువంటి కాలంలో ఒక వైద్యుడు బిడ్డలు లేనివారికి బిడ్డలను ఇస్తానని బయలుదేరితే వినేవారెవరు? ‘జనం ఇప్పటికే ఎక్కువై చస్తుంటే ఇంకా పుట్టించటమా?’ అన్న మాట వినటానికి సబబుగానే తోస్తుంది. కాని అందులో ఒక లోపమున్నది. బిడ్డను వద్దనుకునే హక్కూ, కావాలనుకునే హక్కూ ఒకే హక్కుకు రెండు ముఖాలు. దేశ జనాభా లెక్కను ఒక ఇంటి ఊయలతో సరిచేయబూనటం న్యాయం కాదు. సంతానం లేని స్త్రీని శుభకార్యాలలో వెనక్కి నెట్టే సమాజంలో, ‘గొడ్రాలు’ అన్న తిట్టు ఉన్న భాషలో, ఆ చికిత్స విలాసం ఎట్లా అవుతుంది?

ముగ్గురు మనుషులు, ఒక ఆలోచన

సుభాష్ ముఖోపాధ్యాయ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టారు. కలకత్తాలో వైద్యం చదివి, ప్రత్యుత్పత్తి శరీరధర్మ శాస్త్రంలో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఒక డాక్టరేటు, 1967లో ఎడింబరో నుంచి మరొక డాక్టరేటు పొందారు. విదేశంలో ఉండిపోక తిరిగివచ్చి, ప్రభుత్వ వైద్య కళాశాలలలో శరీరధర్మ శాస్త్రం బోధించారు. పరిశోధనకు ఆయనకు ఇద్దరు తోడయ్యారు. ఒకరు స్త్రీ వైద్య నిపుణుడు డాక్టర్ సరోజ్ కాంతి భట్టాచార్య, మరొకరు శీతలీకరణ శాస్త్రం ఎరిగిన ప్రొఫెసర్ సునీత్ ముఖర్జీ. ఒకరిది హార్మోన్ల విద్య, ఒకరిది శస్త్ర విద్య, ఒకరిది చలి విద్య.

ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో మొదట హార్మోన్లు ఇచ్చి అండాలను పెంచి చూశారు. ఎన్నో విఫలయత్నాల తరువాత ఆ దారి వదలి, సహజమైన ఋతుచక్రంలో దొరికే ఒకే ఒక అండం మీద ఆధారపడ్డారు. ఆ అండాన్ని పొట్టమీద రంధ్రం చేసి, లాపరోస్కోపు ద్వారా తీశారు. లూయీ బ్రౌన్ ఆ విధంగా పుట్టింది.

కలకత్తా వైద్యుడు మూడు మెట్లలోనూ వేరుదారి తొక్కారు. మొదటిది: ఆయన హార్మోన్లను వదలలేదు. ఋతుక్రమం ఆగిన స్త్రీల మూత్రం నుంచి తీసిన గొనడోట్రోపిన్‌ను సూదిమందుగా ఇచ్చి ఒకే చక్రంలో అనేక అండాలు పక్వమయ్యేట్లు చేశారు. రెండవది: పొట్ట మీదినుంచి కాక, యోని గోడలో చిన్న గాటు పెట్టి అటునుంచి అండాలను సేకరించారు. మూడవది అన్నింటికన్న సాహసమైనది. అండాలను ఫలదీకరించి, 8 కణాల దశకు పెంచిన పిండాన్ని వెంటనే గర్భాశయంలో ఉంచలేదు. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే రసాయనంలో ఉంచి, మెల్లగా చల్లబరచి, ఘనీభవింపజేసి దాచారు.

ఎందుకట్లా? హార్మోను మందుల వల్ల అండాలు ఎక్కువ వస్తాయి గాని, అదే చక్రంలో గర్భాశయపు పొర పిండాన్ని స్వీకరించే స్థితిలో ఉండకపోవచ్చు. విత్తనం సిద్ధం, నేల సిద్ధం కాదు. కనుక విత్తనాన్ని దాచిపెట్టి, మందుల ప్రభావం పోయిన తరువాతి చక్రంలో, నేల పదునైన వేళ చూసి నాటాలి. ఇదీ ఆయన ఆలోచన. పల్లెటూరి రైతు కూడా ఒప్పుకోగలిగిన తర్కమే.

రసాయనం అవసరమూ తేలికగా తెలిసేదే. కణంలో ఎక్కువ భాగం నీరు. నీరు గడ్డకట్టితే పదునైన మంచు స్ఫటికాలు ఏర్పడి కణపు పొరను చీలుస్తాయి. ఆ రసాయనం కణంలోకి చొచ్చుకొనిపోయి స్ఫటికాలు ఏర్పడకుండా కాపాడుతుంది. ద్రవ నత్రజనిలో, సున్నకు దిగువన 196 డిగ్రీల చలిలో, జీవక్రియ దాదాపు పూర్తిగా నిలిచిపోతుంది. అంటే వయసు పెరగదు. కరిగించి వెచ్చజేస్తే ఆగిన గడియారం మళ్లీ నడుస్తుంది.

విచారణ

1978లోనే ఆయన ఈ ప్రయోగాన్ని గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్ అనే పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రకటించారు. ప్రభుత్వానికీ వివరాలు సమర్పించారు. పత్రికలలో వార్త పొక్కింది. నవంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఈ సంగతి తేల్చమని ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రజ్ఞుడు. మానవ పిండాన్ని గాజుపాత్రలో పెంచిన అనుభవం గాని, ఘనీభవింపజేసిన అనుభవం గాని ఉన్నవారు అందులో లేరు. చివరకు, ఆయన చెప్పినది నమ్మదగినది కాదని ఆ సంఘం తేల్చేసింది.

న్యాయంగా మాట్లాడాలంటే, సందేహించినవారికీ కొంత కారణమున్నది. ప్రకటించిన నివేదిక క్లుప్తమైనది. ప్రయోగశాల చిన్నది. లోకాపవాదానికి వెరచిన తల్లిదండ్రులు బిడ్డతో సభకెక్కటానికి ఇష్టపడలేదు. వారి మాటను డాక్టరుగారు కాపాడారు. సందేహం శాస్త్రానికి తల్లివంటిది. కాని సందేహానికి మందు పరీక్ష. మళ్లీ చేసి చూపించమని అడగవచ్చు, అందుకు వసతి కల్పించవచ్చు, తోటి శాస్త్రజ్ఞుల ముందు మాట్లాడనివ్వవచ్చు. జరిగినది అది కాదు. 1979లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయం తన పనిని గురించి వివరించమని ఆయనను ఆహ్వానించింది. వెళ్లటానికి ఆయనకు అనుమతి దొరకలేదు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. 1981 జూన్‌లో ఆయనను ఒక కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద జీవితమంతా ధారపోసిన మనిషికి కంటి ఆసుపత్రిలో పని!

ఆ నెల 19వ తేదీన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కలకత్తాలోని తన ఇంటిలో ప్రాణం తీసుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 50. సాక్ష్యం మూడవ ఏట నడుస్తూ, మాటలు నేర్చుకుంటూ, అదే నగరంలో ఆడుకుంటున్నది.

ఆయన కథ ఆధారంగా రమాపద చౌధురి ‘అభిమన్యు’ అనే బెంగాలీ నవల రాశారు. దానినుంచి తపన్ సిన్హా 1990లో ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ అనే హిందీ చిత్రం తీశారు. నవలకు పెట్టిన పేరులోనే కథ ఉన్నది: వ్యూహంలోకి వెళ్లటం తెలిసి, బయటపడే దారి దొరకని వీరుడు.

ఒక శాస్త్రజ్ఞుడు ఇచ్చిన తీర్పు

ఆ తరువాత లోకం మెల్లగా ఆయన దారికే వచ్చింది. ఘనీభవింపజేసిన పిండంతో గర్భం నిలిచిందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించారు. మరుసటి ఏడు అక్కడ బిడ్డ పుట్టింది. హార్మోన్లతో అండాలను పెంచే పద్ధతి 1980ల తొలి ఏళ్లలోనే అమెరికాలో నిలదొక్కుకున్నది. యోని మార్గం నుంచి అండాలను తీయటం నేడు సర్వసాధారణం.

మన దేశంలో 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల పుట్టింది. డాక్టర్ ఇందిరా హిందుజా, శాస్త్రజ్ఞుడు డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ కలిసి సాధించిన విజయమది. భారతదేశపు తొలి పరీక్షనాళిక శిశువుగా ఆ పాప చరిత్రకెక్కింది.

1997లో ఆనంద్ కుమార్ ఒక సదస్సు కోసం కలకత్తా వెళ్లారు. అక్కడ ముఖోపాధ్యాయ రాసిపెట్టుకున్న కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని ఓపికగా చదివారు. దుర్గ తల్లిదండ్రులతో మాట్లాడారు. ఈ రంగం లోతుపాతులు ఎరిగినవారు గనుక ఆ రాతల్లో మోసం లేదని గ్రహించారు. అప్పుడాయన చేసిన పని చిన్నది కాదు. తొలి విజయం తనది కాదు, ముఖోపాధ్యాయది అని ‘కరెంట్ సైన్స్’ పత్రికలో స్వయంగా రాసి ప్రకటించారు. తన తలమీది కిరీటాన్ని తీసి, పదహారేళ్ల క్రిందట చనిపోయిన మనిషి తలమీద పెట్టారు. అనుభవం లేని సంఘం ఒక మనిషిని అబద్ధాలకోరును చేస్తే, అనుభవమున్న ఒక్క మనిషి ఆయనను నిజాయితీపరుణ్ణి చేశాడు.

2003లో, తన ఇరవై ఐదవ పుట్టినరోజు నాడు, దుర్గ తానెవరో లోకానికి తెలియజేసింది. ఊయలలోని సాక్ష్యం పెరిగి పెద్దదై నోరు విప్పింది. 2010లో రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అది చనిపోయినవారికి ఇచ్చే బహుమతి కాదు.

మనం నేర్చుకోవలసినది

నేడు ఊరూరా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనబడుతున్నాయి. పిండాలన్నింటినీ ముందు ఘనీభవింపజేసి, తరువాతి చక్రంలో నాటే పద్ధతిని ఎన్నో కేంద్రాలు అనుసరిస్తున్నాయి. అది కలకత్తాలో 1978లో పుట్టిన ఆలోచనే. 1992లో బ్రస్సెల్స్‌లో ఒకే ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే విధానం వచ్చింది. దానితో శుక్రకణాలు చాలా తక్కువగా ఉన్న పురుషులకూ ఆశ కలిగింది.

ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఏడాది పాటు నిరోధక సాధనమేదీ వాడకుండా కాపురం చేసినా గర్భం రాకపోతే దానిని సంతానలేమి అంటారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. అయినా మన ఇళ్లలో ముందు ఆసుపత్రికి నడిచేది కోడలే. అల్లుడో కొడుకో కాదు. నిజానికి పురుషుని పరీక్ష అన్నింటికన్న తేలిక, ఖర్చు తక్కువ. దానిని మొదటనే చేయిస్తే ఎందరు ఆడవాళ్లకు అనవసరపు సూదులూ మందులూ తప్పుతాయో!

విద్య ఉన్నంత మాత్రాన వివేకం ఉన్నట్లు కాదు. 2019లో గుంటూరులో 70 ఏళ్లు దాటిన ఒక స్త్రీ ఈ పద్ధతితో కవలలను కన్నది. సంతానం లేదన్న మాట పడలేక ఆ వయస్సులో ఆమె అంత సాహసానికి పూనుకున్నదంటే, ఆ మాటకు ఎంత పదును ఉన్నదో ఆలోచించండి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇప్పుడు ఈ చికిత్స పొందే స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు మించరాదు. కేంద్రాలు నమోదు చేయించుకొని తీరాలి. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని ఎంచటం నేరం. ఇది మంచి కట్టుబాటే. ఈ చికిత్స అందరికీ ఫలించదనీ, వయసు మీరిన కొద్దీ ఫలితం తగ్గుతుందనీ దంపతులకు ముందుగా చెప్పటం వైద్యుని ధర్మం.

లెక్కలు కూడా తిరగబడ్డాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం 2. ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8, పశ్చిమ బెంగాల్‌లో 1.6. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ‘ఇంకా పుట్టించటమా?’ అని అడిగిన దేశమే నేడు ‘పుట్టేవారు తగ్గుతున్నారే!’ అని చింతిస్తున్నది. రెండు మాటలకూ సమాధానం ఒక్కటే. ఎంతమంది కావాలో, ఎప్పుడు కావాలో, అసలు కావాలో వద్దో ఆ దంపతులు నిర్ణయించుకోవాలి. అందుకు తగిన విజ్ఞానాన్ని అందించటమే సమాజం పని.

విద్యార్థులకు ఒక్క మాట. మీలో ఎవరైనా రేపు ప్రయోగశాలలో నిలబడితే, చూసిన ప్రతిదీ వివరంగా రాసిపెట్టండి. మీరు మాట్లాడలేనినాడు ఆ రాతలే మాట్లాడతాయి. ముఖోపాధ్యాయను కాపాడలేకపోయిన కాగితాలే ఆయన పేరును కాపాడాయి. మీలో ఎవరైనా రేపు మరొకరి పనిమీద తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటే, మీకు తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోండి. తెలిసినవారిని పిలవండి. ప్రశ్న అడగండి, పరీక్ష పెట్టండి. మనిషిని మాత్రం విరచకండి.